సంతకాలు ముగ్గురివి, పేరు మాత్రం వికేంద్రీకరణ

డీఫైలో, అంటే బ్యాంకులు లేకుండా బ్లాక్‌చైన్‌పై కోడ్‌తో నడిచే ఆర్థిక సేవల్లో, సొమ్ము పోయిన ప్రతిసారీ మొదట వినిపించే మాట ‘కోడ్‌లో లోపం’. ఆ వెంటే ‘ఇకపై ఆడిట్లు పెంచుతాం’ అన్న హామీ. కోడ్‌ను తిడితే ఎవరికీ నొప్పి తగలదు కనుక ఈ తంతు అందరికీ హాయిగా ఉంది. పెద్ద దోపిడీలు కొన్నింటిని తిరగేసి చూడండి. కోడ్ తనకు చెప్పిన పనే చేసింది. చెప్పే అధికారమే దొంగల చేతికి పోయింది.

ఒక బ్లాక్‌చైన్ నుంచి మరోదానికి సొమ్ము చేరవేసే రోనిన్ బ్రిడ్జ్‌లో 2022 మార్చి 23న జరిగిందిదే. అక్కడ లావాదేవీలను ఆమోదించే తొమ్మిది వ్యాలిడేటర్లలో ఐదు తమ రహస్య కీలతో సంతకం చేస్తే సొమ్ము కదిలేది. అందులో నాలుగు స్కై మావిస్ అనే ఒకే సంస్థవి. ఐదోది యాక్సీ డావో అనే సభ్యుల ఉమ్మడి సంఘానిది. 2021 నవంబరులో రద్దీ తట్టుకోలేక స్కై మావిస్ సాయం అడిగితే, తన తరఫున సంతకం చేసే అనుమతిని డావో దానికే ఇచ్చింది. డిసెంబరులో ఆ ఏర్పాటు ఆగిపోయింది. అనుమతిని మాత్రం ఎవరూ తీసేయలేదు. ఇంకేముంది, ఒక్క సంస్థలోకి చొరబడితే ఐదూ దొరికాయి. 1,73,600 ఈథర్ (ఇథీరియం బ్లాక్‌చైన్ నాణెం), 2.55 కోట్ల యూఎస్‌డీసీ (డాలర్‌తో సమాన విలువ ఉండే టోకెన్) రెండే లావాదేవీల్లో వెళ్లిపోయాయి. ఆరు రోజుల తర్వాత ఎవరో 5,000 ఈథర్ తీసుకోబోతే రాకపోవడంతో గానీ సంగతి బయటపడలేదు. మరో మూడు నెలలకు హార్మనీ వారి హొరైజన్ బ్రిడ్జ్‌లో ఐదు కీలలో రెండు చాలాయి. దాదాపు 10 కోట్ల డాలర్లు గల్లంతు.

క్రిప్టో అప్పులిచ్చే రేడియంట్ క్యాపిటల్‌లో 2024 అక్టోబరు నాటి ఉదంతం ఇంకా నేర్పుగా సాగింది. అక్కడ 11 మందిలో ముగ్గురు సంతకం చేస్తే సరిపోయేది. మాల్వేర్ సోకిన డెవలపర్ల కంప్యూటర్ తెరపై మామూలు లావాదేవీ కనిపించింది. సంతకం చేసే పరికరమైన హార్డ్‌వేర్ వాలెట్‌కు వెళ్లింది మాత్రం లెండింగ్ పూల్ (అప్పుల నిధి) యాజమాన్యాన్ని బదిలీ చేసే లావాదేవీ. ఎర్రర్ వస్తే మళ్లీ సంతకం చేయడం ఈ పనిలో రోజూ ఉండేదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సుమారు 5 కోట్ల డాలర్లు పోయాయి. దీన్ని ఏ కోడ్ ఆడిట్ పట్టుకుంటుంది? అదే బదిలీకి 48 గంటల టైమ్‌లాక్ (మార్పు వెంటనే అమలు కాకుండా ఆపే గడువు) ఉండి ఉంటే, ముగ్గురూ మోసపోయినా అడ్డుకోవడానికి రెండు రోజులు మిగిలేవి.

కోడ్ లోపాలు లేవని కాదు. 2023 మార్చిలో క్రిప్టో అప్పులిచ్చే ఆయిలర్‌లో ఒక ఫంక్షన్ తనఖా సరిపోతుందో లేదో చూడకపోవడం వల్ల దాదాపు 19.7 కోట్ల డాలర్లు పోయాయి. అలాంటి లోపాన్ని టైమ్‌లాక్ పెట్టుకుని తక్షణం ఎలా సరిదిద్దుతామని అడుగుతారు. లావాదేవీలను ఆపే అధికారం వేరు, కోడ్‌ను మార్చే అధికారం వేరు. ఆపడానికి ఒక్క సంతకం చాలు. మార్చడానికి ఎక్కువ సంతకాలు, రెండు రోజుల గడువు ఉండాలి. రెండింటినీ ఒకే కీకి అప్పగించడం ఒట్టి బద్ధకం.

సొమ్ము పెట్టేవాళ్లు ఇది స్వయంగా చూసుకోవచ్చు. బ్లాక్‌చైన్ రికార్డులు చూపే బ్లాక్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో మీ సొమ్మున్న కాంట్రాక్ట్ (కోడ్) తెరవండి. అది ప్రాక్సీ (వెనకున్న కోడ్‌ను మార్చుకోగలిగే కాంట్రాక్ట్) అయితే అడ్మిన్ చిరునామాను, దాని వెనకున్న ఓనర్‌ను పట్టుకోండి. చివరికి తేలిన చిరునామాలో కోడ్ లేకుండా మామూలు ఖాతా ఉందంటే మీ డబ్బంతా ఒక్క కీ మీద ఉన్నట్టే. మల్టీసిగ్ (పలువురి సంతకాలు కావాల్సిన ఖాతా) అయితే సాధారణంగా ‘గెట్‌థ్రెషోల్డ్’ అనే ఫంక్షన్ ఎన్ని సంతకాలో చెబుతుంది. టైమ్‌లాక్ అయితే సాధారణంగా ‘గెట్‌మిన్‌డిలే’ గడువును సెకన్లలో చూపిస్తుంది. 1,72,800 అని ఉంటే 48 గంటలు. సున్నా అని ఉంటే ఆ టైమ్‌లాక్ అలంకారం.

అసలు రోగం వేరే ఉంది. 2025 మేలో సూయి బ్లాక్‌చైన్‌పై నడిచే సీటస్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ నుంచి దాదాపు 22 కోట్ల డాలర్లు పోతే, వ్యాలిడేటర్లు కూడబలుక్కుని 16 కోట్లకు పైగా స్తంభింపజేశారు. 2016లో ది డావో అనే ఉమ్మడి పెట్టుబడి నిధి నుంచి 36 లక్షల ఈథర్ పోయినప్పుడు ఇథీరియం హార్డ్ ఫోర్క్ (బ్లాక్‌చైన్ నియమాలనే మార్చడం) చేసి మరీ వెనక్కి తెచ్చింది. బాధితులకు మంచిదే. కానీ చెయ్యి వేయగల మనుషులు ఉన్నారని తేలిపోయింది కదా! అప్‌గ్రేడ్ చేసేటప్పుడు కనిపించే ఆ మనుషులు పరిహారం అడిగేసరికి ‘ఇది ప్రోటోకాల్, మాది కాదు’ అంటారు. పరాయి సొమ్మును కదిలించే కీ ఎవరి దగ్గర ఉందో చట్టం వాళ్లనే ధర్మకర్తలుగా చూడాలి. సంతకందారులు ఎందరు, ఎన్ని సంతకాలు చాలు, వాళ్లలో ఒకే జీతం చీటీ మీద ఉన్నవాళ్లు ఎందరు, మార్పు అమలుకు ఎన్ని గంటల గడువు అన్న వివరాలు డిపాజిట్ బటన్ పక్కనే రాసి ఉండాలి.