ఐస్ హాకీ ప్లేఆఫ్స్: జోస్యానికి చిక్కని మూడు సెకన్లు

2025 మే 4, ఆదివారం. కెనడాలోని విన్నిపెగ్‌లో, ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్ఎల్ ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లో సిరీస్‌ను తేల్చే ఏడో మ్యాచ్. ఆట ఇంకా రెండు నిమిషాలు ఉందనగా సెయింట్ లూయిస్ బ్లూస్ 3-1 ఆధిక్యంలో ఉంది. సొంత రింక్‌లో ఆడుతున్న విన్నిపెగ్ జెట్స్ తన గోలీని, అంటే గోల్‌కీపర్‌ను, బయటికి పిలిచేసి, అతని బదులు ఆరో ఆటగాణ్ని మంచు మీదికి దింపింది. ముందు జెట్స్ ఆటగాడు నమెస్ట్‌నికోవ్ ఒక గోల్ కొట్టి తేడా తగ్గించాడు. సైరన్ మోగడానికి మూడు సెకన్లు కూడా లేవనగా కైల్ కానర్ గోల్ వైపు పంపిన పక్‌ను (హాకీ బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను) కోల్ పెర్ఫెటీ స్టిక్కుతో దారి మళ్లించాడు. 3-3. ఏడో మ్యాచ్‌లో ఇంత ఆలస్యంగా స్కోరు సమం కావడం లీగ్ చరిత్రలో అదే మొదటిసారి. రెండో ఓవర్‌టైమ్‌లో నీల్ పియాంక్ దూరం నుంచి కొట్టిన షాట్ కెప్టెన్ ఆడమ్ లౌరీ స్టిక్కుకు తగిలి లోపలికి పోయింది. సిరీస్ 4-3తో జెట్స్ సొంతమైంది.

పెర్ఫెటీ స్టిక్కు ఆ పక్‌కు అందకపోయి ఉంటే? లీగ్‌లో నంబర్ వన్ జట్టు తొలి రౌండ్‌లోనే ఇంటిదారి పట్టిందని, సీజనంతా మెరిసిన గోలీ కానర్ హెలిబక్ అసలు సమయంలో చేతులెత్తేశాడని విశ్లేషకులంతా రాసేవారు. ఆట అదే, ఆటగాళ్లూ వాళ్లే, బలాబలాలు వీసమెత్తు మారలేదు. మారింది స్కోరు ఒక్కటే. దాంతోపాటు జట్టు వ్యక్తిత్వం గురించిన కథనాలన్నీ తలకిందులయ్యాయి. జట్టులో పట్టుదల ఉందా లేదా అన్నది మూడు సెకన్ల ముందు ఒక మాట, తర్వాత ఇంకో మాట అయితే, ఆ మాటకు విలువెంత?

నా వాదన ఇదే. హాకీ సిరీస్‌లో ఎవరు గెలుస్తారన్న జోస్యానికి మనం ఇవ్వాల్సిన దానికన్నా చాలా ఎక్కువ గౌరవం ఇస్తున్నాం. ఆ జోస్యం ఫలించిందో లేదో చెప్పే వారాంతపు హైలైట్స్‌కు అంతకన్నా ఎక్కువ ఇస్తున్నాం.

ఈ లీగ్‌ను రోజూ చూడని వారి కోసం రెండు ముక్కలు. 32 జట్లు, ఆ 2025 సీజన్‌లో ఒక్కొక్కటీ 82 మ్యాచ్‌లు. అందులోంచి 16 జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్తాయి. నాలుగు రౌండ్లు, ప్రతి రౌండ్‌లోనూ ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లు పైకి. అంటే ఛాంపియన్‌కు దక్కే స్టాన్లీ కప్ ఎత్తాలంటే 16 విజయాలు కావాలి. ఐపీఎల్‌లో లాగా ఒక చెడ్డ రాత్రితో ఇంటికి పోయే ఎలిమినేటర్ లేదు కాబట్టి, ఏడు మ్యాచ్‌లు ఆడితే మంచి జట్టే నెగ్గుతుందని అనిపిస్తుంది. చిక్కంతా ఆ నమ్మకంతోనే.

లెక్క వేసి చూద్దాం. ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం 55 శాతం ఉన్న జట్టు ఏడు మ్యాచ్‌ల సిరీస్ గెలిచే అవకాశం 61 శాతం మాత్రమే. మ్యాచ్‌కు 60 శాతం ఉన్నా సిరీస్‌కు 71 దగ్గర ఆగిపోతుంది. జీతాలపై పరిమితి ఉండి, జట్ల మధ్య తేడాలు సన్నగా ఉండే ఈ లీగ్‌లో 60 శాతమంటే మామూలు ఆధిక్యం కాదు. అంతటి జట్టు కూడా నాలుగు రౌండ్లూ దాటి కప్పు అందుకునే అవకాశం నాలుగింట ఒక వంతే. మొత్తం 15 సిరీస్‌ల విజేతలను ముందే రాసిపెట్టే ఆటలు ప్రతి ఏప్రిల్‌లో నడుస్తాయి. వాటిలో సాధ్యమయ్యే జాబితాలు 32,768. ఒక్కో సిరీస్‌ను 60 శాతం కచ్చితత్వంతో చెప్పగల నిపుణుడికైనా అన్నీ సరిపోవాలంటే దాదాపు రెండు వేలల్లో ఒక అవకాశం.

ఫలానా జట్టు ఆరు మ్యాచ్‌ల్లో గెలుస్తుందని విశ్లేషకులు ఎందుకు అంత తరచుగా రాస్తారో కూడా ఇక్కడే తెలుస్తుంది. సమ ఉజ్జీల మధ్య సిరీస్ ఆరో మ్యాచ్‌కో ఏడో మ్యాచ్‌కో చేరే అవకాశం 62.5 శాతం. ఆరు అని రాస్తే, నప్పితే సరే, నప్పకపోయినా ఎవరూ నవ్వరు. అది ఆట మీద అంచనా కాదు, పరువు మీద బీమా.

బాస్కెట్‌బాల్‌లో ఈ గోల ఇంత లేదు. అక్కడ స్టార్ ఆటగాడు 48 నిమిషాల ఆటలో నలభై దాకా కోర్టులోనే ఉంటాడు, రెండు జట్లూ కలిసి రెండు వందలకు పైగా పాయింట్లు చేస్తాయి. అన్నిసార్లు స్కోరు చేస్తుంటే అదృష్టం ఎక్కడికక్కడ సర్దుకుపోతుంది. హాకీలో కానర్ మెక్‌డేవిడ్ అంతటివాడు కూడా 60 నిమిషాల్లో మూడో వంతుకు కాస్త ఎక్కువ సేపే మంచు మీద ఉంటాడు. ముప్పావు నిమిషం ఆడి బెంచీ మీదికి వచ్చి కూర్చుంటాడు. మ్యాచ్ మొత్తానికి పడేవి సగటున ఆరు గోల్స్. వాటిలో ఎన్నో ఎవరి స్కేటుకో, ఎవరి ప్యాడ్‌కో తగిలి దారి మారినవే. లౌరీ గోల్ అలాంటిదే. పెర్ఫెటీదీ అలాంటిదే. గోల్ ముందు గుంపుగా నిలబడి గోలీ చూపును మూసెయ్యడం ఒక విద్యే, కాదనను. కానీ ఆ గుంపులోంచి పక్ ఎటు పోతుందో కొట్టినవాడికీ తెలియదు.

ఇక గోలీ. హెలిబక్ ఆ సీజన్‌లో అత్యుత్తమ గోలీగా వెజీనా ట్రోఫీని, లీగ్‌లోనే అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీని అందుకున్నాడు. అదే మనిషిని సెయింట్ లూయిస్‌లో జరిగిన మూడు మ్యాచ్‌ల్లోనూ మధ్యలో తప్పించాల్సి వచ్చింది. ఆ మూడింటిలో జెట్స్ 7-2, 5-1, 5-2తో చిత్తయింది. తమాషా ఏమిటంటే ఆ సిరీస్‌లో ఏడుకు ఏడు మ్యాచ్‌లూ సొంత రింక్ జట్టే గెలిచింది. 82 మ్యాచ్‌ల రికార్డు చూసి గోలీని గోడ అనుకున్నవాళ్లకు రెండు వారాల్లో ఇద్దరు హెలిబక్‌లు కనిపించారు. రెండు వారాల గోలీ ఫామ్‌ను ముందుగా కనిపెట్టే సూత్రం ఇంతవరకు ఎవరి దగ్గరా చూడలేదు. ఎంత గొప్ప మోడల్ అయినా అక్కడికి వచ్చేసరికి బొమ్మా బొరుసా వేస్తున్నట్టే.

పాత లెక్కలూ ఇదే చెబుతాయి. సీజన్‌లో ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న జట్టుకు 1986 నుంచి ప్రెసిడెంట్స్ ట్రోఫీ ఇస్తున్నారు. 2025 వరకు 39 సార్లు ఇస్తే, అదే జట్టు కప్పు కూడా గెలిచింది 8 సార్లే. చివరిది 2013లో షికాగో. 2019లో 62 మ్యాచ్‌లు గెలిచిన టాంపా బే లైట్నింగ్ తొలి రౌండ్ మొదటి మ్యాచ్‌లో 3-0తో ముందుండి కూడా కొలంబస్ చేతిలో ఓడింది, తర్వాత సిరీస్‌నే 0-4తో పోగొట్టుకుంది. అదే ఏడాది జనవరి మొదట్లో లీగ్ పట్టికలో అట్టడుగున ఉన్న సెయింట్ లూయిస్ జూన్‌లో కప్పు ఎత్తింది. పరువు పోగొట్టుకున్న టాంపా, దాదాపు అదే ప్రధాన ఆటగాళ్లతో, 2020, 2021ల్లో వరసగా రెండు కప్పులు గెలిచింది. 2019 ఏప్రిల్‌లో ఈ జట్టుకు గుండె లేదు, విడగొట్టాలి అన్నవాళ్ల మాట యాజమాన్యం విని ఉంటే ఆ రెండు కప్పులు ఉండేవా?

2023 ఏప్రిల్ 30, అదీ ఆదివారమే. 65 విజయాలు, 135 పాయింట్లతో లీగ్ రికార్డులు రెండూ బద్దలు కొట్టిన బోస్టన్ బ్రూయిన్స్ ఒక పక్క, చివరి బెర్తుతో ఎలాగో గట్టెక్కిన ఫ్లోరిడా పాంథర్స్ ఇంకో పక్క. పాయింట్ల తేడా 43. సిరీస్‌లో 3-1తో ముందున్న బోస్టన్, ఏడో మ్యాచ్‌లో చివరి నిమిషం దాకా ఒక గోల్ ఆధిక్యంలో ఉంది. బ్రాండన్ మాంటూర్ సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో కార్టర్ వెర్‌హేగీ ముగించాడు. బోస్టన్ గెలుస్తుందని రాసినవాళ్లను ఆ రాత్రి ఎగతాళి చేశారు గానీ, వాళ్లు రాసింది సరైన మాటే. మళ్లీ అదే సిరీస్ ఆడిస్తే ఎవరైనా బోస్టన్ మీదే పందెం కాయాలి. జోస్యం ఫలించకపోవడం వేరు, జోస్యం తప్పు కావడం వేరు. ఈ రెండింటినీ కలిపేసే అలవాటు క్రీడా పేజీల్లో పాతుకుపోయింది.

అలాగని అంచనాలన్నీ గాలివాటమేనా? కాదు. అదే పాంథర్స్‌ను 2025లో చూడండి. సీజన్ ముగిసేసరికి 98 పాయింట్లు, డివిజన్‌లో మూడో స్థానం. నాలుగు రౌండ్లలో ఒక్కదానికీ సొంత రింక్ సౌలభ్యం లేదు. పట్టిక మాత్రమే చూస్తే మధ్యతరగతి జట్టు. కానీ ఆ పాయింట్లలో ఫిబ్రవరిలో గాయపడిన మాథ్యూ కచక్ ఆడనివి బోలెడు. మార్చి 7న బోస్టన్ నుంచి తెచ్చుకున్న బ్రాడ్ మార్షాండ్ ప్రభావం ఆ పాయింట్లలో దాదాపు లేనే లేదు. ప్లేఆఫ్స్ తొలి మ్యాచ్‌కు ఇద్దరూ సిద్ధం. అంటే ఏప్రిల్‌లో బరిలోకి దిగిన జట్టు, పట్టికలో 98 పాయింట్లు చూపించిన జట్టు ఒకటి కావు. దీన్ని పట్టుకోవడానికి జాతకం అక్కర్లేదు, గాయాల జాబితా చాలు. ఎవరు తిరిగొస్తున్నారు, ఆటగాళ్ల మార్పిడికి ఆఖరి గడువైన డెడ్‌లైన్ నాడు ఎవరు చేరారు, ఎక్కువ షాట్లు ఏ జట్టు చేతిలో పుడుతున్నాయి, ప్రత్యర్థి ఆటగాడు పెనాల్టీ బాక్సులో కూర్చున్న ఆ రెండు నిమిషాల పవర్ ప్లేలో ఎలా ఆడుతున్నారు — జోస్యానికి పనికొచ్చే సరుకు ఇదే. చివరిదానితో మాత్రం జాగ్రత్త. 2010లో 121 పాయింట్ల వాషింగ్టన్, మాంట్రియాల్‌పై 33 పవర్ ప్లేల్లో ఒక్క గోల్ చేసి ఓడిపోయింది.

ఇప్పుడు ఆ మే వారాంతానికే మళ్లీ వద్దాం. విన్నిపెగ్ మ్యాచ్‌కు ముందు రోజు, శనివారం, డాలస్‌లో ఇంకో ఏడో మ్యాచ్. మన తెలుగువాళ్లు కాలనీలకు కాలనీలుగా స్థిరపడ్డ ఫ్రిస్కోలోనే డాలస్ స్టార్స్ ప్రాక్టీసు రింక్ ఉంది కాబట్టి, ఈ జట్టు జెర్సీ వేసుకున్న మేనల్లుడో మేనకోడలో చాలా ఇళ్లలో ఉండే ఉంటారు. కొలరాడో 2-0తో ముందుంది. కొలరాడోయే జనవరిలో వదిలించుకున్న మిక్కో రాంటనెన్, మధ్యలో కరోలైనా వెళ్లి మార్చిలో డాలస్ చేరి, మూడో పీరియడ్‌లో పాత జట్టు మీదే హ్యాట్రిక్ కొట్టాడు. 4-2. సినిమాకథ రాసుకున్నా ఇంత కుదరదు. కోచ్ పీట్ డిబోయర్‌కు ఏడో మ్యాచ్‌ల్లో అది తొమ్మిదికి తొమ్మిదో విజయం. ఏడో మ్యాచ్ అంటే ఈయనకు అప్పగించాల్సిందే అన్నారు. నెల తిరిగిందో లేదో, మూడో రౌండ్ అయిన కాన్ఫరెన్స్ ఫైనల్లో ఎడ్మంటన్ చేతిలో అయిదు మ్యాచ్‌ల్లో ఓడాక జట్టు ఆయనకు ఉద్వాసన పలికింది. జెట్స్ సంగతి సరేసరి, రెండో రౌండ్‌లోనే డాలస్ చేతిలో ఆరు మ్యాచ్‌ల్లో బయటికి. కప్పు చివరికి వెళ్లింది ఫ్లోరిడాకు. టాంపాను అయిదు మ్యాచ్‌ల్లోనే పంపించేసి విశ్రాంతిలో ఉన్న ఆ జట్టు, ఆ శని ఆదివారాల హైలైట్స్‌లో ఒక్క సెకను కూడా కనిపించలేదు.

అవే రెండు రోజుల్లో మన దగ్గర? శనివారం బెంగళూరులో ఆర్సీబీ 2 పరుగులతో చెన్నైని దాటింది. 14 బంతుల్లో రొమారియో షెపర్డ్ 53 అందరికీ గుర్తుంది, ఆయుష్ మాత్రే 94ను ఓడిన జట్టు ఖాతాలో పడేసి మర్చిపోయాం. ఆదివారం ఈడెన్‌లో రియాన్ పరాగ్ తాను ఎదుర్కొన్న వరుస ఆరు బంతుల్ని సిక్సర్లుగా మలిచాడు. వారమంతా ఆ వీడియోనే తిరిగింది, రాజస్థాన్ మాత్రం ఒక్క పరుగుతో ఓడింది. సోమవారం ఉప్పల్లో ఢిల్లీని 133కు కట్టడి చేసిన సన్‌రైజర్స్‌కు బ్యాట్ పట్టే అవకాశమే రాలేదు, వాన కురిసింది, ప్లేఆఫ్స్ ఆశలు ముగిశాయి. సీజన్ తొలి మ్యాచ్‌లో 286 కొట్టగానే 300 ఎప్పుడు అని మన చానళ్లు లెక్కలు వేసిన జట్టే ఇది. ఆ వాన పడకపోయినా సన్‌రైజర్స్ పరిస్థితి అప్పటికే దాదాపు చేయి దాటిపోయింది. పది మ్యాచ్‌ల బౌలింగ్, బ్యాటింగ్ కథను వదిలేసి, నెపాన్ని మబ్బుల మీద వెయ్యడం సులువు.

హైలైట్స్ చూడొద్దని కాదు. రాంటనెన్ మూడు గోల్స్‌ను పదిసార్లు చూసినా తప్పులేదు. అవి జట్టు బలానికి రుజువులని వాదిస్తేనే పేచీ. మూడు నిమిషాల వీడియోలో పోస్టుకు తగిలి బయటికి పోయిన పక్‌లు ఉండవు, గోలీ మామూలుగా ఆపిన ముప్పై షాట్లు ఉండవు, గోల్ లేకుండా గడిచిన నలభై నిమిషాలు అసలే ఉండవు. తర్వాతి సిరీస్ గురించి ఏదైనా చెప్పగలిగేవి ఆ నలభై నిమిషాలే.

కాబట్టి వచ్చే ఏప్రిల్‌లో జోస్యాలు చదివేటప్పుడు నేను విజేత పేరు చివర్లో చూస్తాను. ముందు చూసేది శాతం ఇచ్చారా లేదా అని. తర్వాత, ఏం జరిగితే తమ అంచనా చెడిపోతుందో రాశారా అని. ఫలానా గోలీ మొదటి రెండు మ్యాచ్‌ల్లో తడబడితే లెక్క మారుతుంది అని ముందే రాసినవారి పేరు గుర్తుపెట్టుకుంటాను, వాళ్లు చెప్పిన జట్టు ఓడినా సరే. రెండు మంచి జట్ల సిరీస్‌లో ఒకదానికి 80 శాతం ఇచ్చి, కారణం దగ్గర అనుభవం, కసి, గెలిచే అలవాటు అని మూడు ముక్కలు రాసినవారిది మాత్రం మళ్లీ తెరవను.