పాపం, డాక్టర్ మబూజే గారు

నేరప్రపంచంలోని కష్టజీవుల గురించి మన పత్రికలు ఎన్నడూ రాయవు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు ముక్కలు.

1922లో బెర్లిన్‌లో విడుదలైన 'డాక్టర్ మబూజే, జూదరి' అనే మూకీ సినిమాని మొన్న శని, ఆదివారాల్లో రెండు విడతలుగా చూశాం. చూసినవాళ్లం ఇద్దరం: నేను, బ్యాంకు క్యాష్ కౌంటర్లో ముప్పై ఏళ్లు నోట్లు లెక్కపెట్టి రిటైరైన మా మేనత్త. ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ఈ సినిమా నిడివి అక్షరాలా నాలుగున్నర గంటలు. మాటలే లేని సినిమాకి అంతసేపు ఏం చెప్తారని మొదట విసుక్కున్న అత్తయ్య, అరగంట తిరిగేసరికి టీ కూడా అక్కడికే తెమ్మంది.

అప్పట్లో ఈ సినిమా దేశదేశాలు తిరిగింది. చాలాచోట్ల ఎవరికి తోచినంత వాళ్లు కత్తిరించారు. సోవియట్ రష్యాలోనైతే ఎడిటర్ ఎస్ఫిర్ షూబ్, దర్శకుడు ఐజెన్‌స్టీన్ కలిసి దీన్ని విప్పి, మళ్లీ కుట్టి, 'పూతబంగారం కింద కుళ్లు' అనే అర్థం వచ్చే పేరు పెట్టి వదిలారు. తర్వాత జర్మనీ ఫిల్మ్ ఆర్కైవుల వాళ్లు ముక్కలన్నీ ఏరి, అతికి, పాత నిడివికి దగ్గరగా తెచ్చారు. పోయిన నేరాలన్నీ ఇంత పద్ధతిగా తిరిగి దొరకడం, మన స్టేషన్ల రికవరీ రికార్డులు చూసిన నాకు, ఎక్కడా ఎదురుకాలేదు.

ఇక మబూజే గారి విషయం. సినిమా మొదలవగానే ఆయన చేతిలో పేకముక్కల్లా ఫొటోలు. అన్నీ ఆయనవే, ఒక్కోదాంట్లో ఒక్కో మొహం. వాటిని కలిపి, ఒకటి లాగి, "ఇవాళ ఇది" అన్నట్టు పనివాడికి ఇస్తారు. ఆ పనివాడు మళ్లీ కొకైన్ పీల్చాడని తిడతారు కూడా. సిబ్బంది క్రమశిక్షణ పట్ల అంత పట్టింపు. మన పాత సినిమాల్లో బుగ్గ మీద పుట్టుమచ్చ పెడితే కన్నతల్లి కూడా గుర్తుపట్టేది కాదు. ఈయన అలా కాదు. విగ్గు, గడ్డం, ముక్కు, నడక అన్నీ మారుస్తారు. రోజూ! ఈ రోజుల్లో జనాన్ని ముంచేవాడు మొహం కడుక్కోకుండా మంచం మీది నుంచే ఫోన్ చేసి పని కానిచ్చేస్తున్నాడు.

మొదటి నేరం చూడండి. రైల్లో ఒక దూత దగ్గర రహస్య వాణిజ్య ఒప్పందం ఉంటుంది. మబూజే మనిషి అతని మీద పడి సంచీ లాక్కుని, వంతెన రాగానే కిటికీలోంచి విసురుతాడు. అది సరిగ్గా కింద పోతున్న కారులో పడుతుంది. టెలిఫోన్ స్తంభం ఎక్కి కూర్చున్న ఇంకొకడు పని అయిందని కబురు చెప్తాడు. ఇక్కడ మబూజే గడియారం చూసుకుంటూ ఉంటారు. ఈ పథకమంతా రైలు టైముకి నడవడం మీదే ఆధారపడింది. మన దగ్గరైతే బండిని వంతెనకి ముందే, అవుటర్లో, నలభై నిమిషాలు ఆపేసేవాడు. కారువాడు దిగి మిరపకాయ బజ్జీలు తినేవాడు. స్తంభం మీదవాడి గతి ఏమిటో తలుచుకోను.

ఒప్పందం పోయిందనగానే షేర్ల ధర కుప్పకూలుతుంది. ఆయన చవగ్గా కొంటారు. అది చెక్కుచెదరకుండా దొరికిందని తెలియగానే ధర లేస్తుంది, అమ్మేస్తారు. సాయంత్రం మళ్లీ జూదశాలలో డ్యూటీ. హల్ అనే కోటీశ్వరుడి కొడుకుని కళ్లతోనే లొంగదీస్తే, వాడు గెలిచే ముక్కలు చేతిలో పెట్టుకుని కూడా ఓడిపోయి, బాకీకి చీటీ రాసిచ్చేస్తాడు. పైగా నేలమాళిగలో దొంగనోట్ల పని. అక్కడ నోట్లు లెక్కపెట్టేది చూపులేని మనుషులు.

"వేలికి తడి స్పాంజి కూడా లేదురా," అంది అత్తయ్య ఆ సీన్ దగ్గర. "కళ్లున్న మాకే నెలాఖర్లో కట్టకొకటి తేడా వచ్చేది. వీళ్లని పనిలోకి తీసుకోవాల్సింది మా బ్రాంచి."

ఇంత కష్టపడిన మనిషిని ముంచింది ఎవరు? సినిమాలో ప్రాసిక్యూటర్ వెంక్, పోలీసులు, చివరికి సైనికులు. అసలు దెబ్బ మాత్రం సినిమా అయ్యాక, బయట పడింది. 1922 మొదట్లో డాలరుకి 200 మార్కుల లోపే (మార్కంటే అప్పటి జర్మనీ రూపాయి అనుకోండి). 1923 నవంబరుకి 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు. మొదటి ప్రపంచయుద్ధం అప్పులు, గెలిచిన దేశాలకి కట్టాల్సిన నష్టపరిహారం, ఫ్రెంచివాళ్లు జర్మనీ బొగ్గుగనుల ప్రాంతం రూర్‌ని ఆక్రమించాక అక్కడ నిరసనగా పని మానేసినవాళ్లకి జీతాలు, ఇలా అన్నిటికీ ప్రభుత్వానికి దొరికిన మందు ఒక్కటే, అచ్చుయంత్రం. సొంత ప్రెస్సు చాలక జర్మనీ కేంద్ర బ్యాంకు రైష్‌బ్యాంక్ 130కి పైగా ప్రైవేటు ప్రెస్సులకి పని అప్పజెప్పింది. రెండోవైపు అచ్చెయ్యడానికి తీరికలేక చాలా నోట్లని ఒకవైపే వేసి వదిలారు. బ్యాంకు అధ్యక్షుడు రుడాల్ఫ్ హావెన్‌స్టైన్ గారు, మచ్చలేని పెద్దమనిషి, 1923 ఆగస్టులో ధీమాగా ఓ మాట చెప్పారు: చలామణీలో ఉన్న మొత్తం డబ్బులో మూడింట రెండొంతులు ఇక ఒక్కరోజులోనే అచ్చువేసి ఇవ్వగలమని. సొంత మొహంతోనే చెప్పారు. విగ్గు లేదు, గడ్డం మార్చలేదు, వంతెన మీంచి సంచీ విసరలేదు.

ఇప్పుడు మబూజే గారి ఖాతా చూడండి. షేర్ల లాభం గాలికి. దొంగనోట్లు, అసలు నోట్లతో సమానంగా, పొయ్యి రాజేసుకోవడానికి. హల్ బాకీ మరీ ఘోరం. పాపం ఆ కుర్రాడు పరువు పోతుందని కంగారుపడ్డాడు గానీ, ఏడాదిన్నర వాయిదా అడిగుంటే ఆ బాకీ మొత్తానికి రొట్టె మీద నువ్వుగింజ కూడా వచ్చేది కాదు. అప్పుడు రొట్టె ఖరీదు దాదాపు 20 వేల కోట్ల మార్కులు.

1933లో లాంగ్ మళ్లీ మబూజే మీద సినిమా తీస్తే, అప్పుడే గద్దెనెక్కిన నాజీలు ప్రజాభద్రతకి ముప్పని నిషేధించారు. అందులో ఆయన పిచ్చాసుపత్రిలో కూర్చుని నేరాలకి పథకాలు రాస్తుంటారు. ఒకే ఊళ్లో ఒకే వ్యాపారం రెండు దుకాణాలకి గిట్టదు కదా.

మొదటి సినిమా చివర్లో మబూజే మురుగుకాలువలోంచి పారిపోయి తన నోట్ల కొట్టులోనే చిక్కుకుపోతారు. లోపలి నుంచి తలుపు రాదు. చుట్టూ ఆ చూపులేని పనివాళ్లు. చంపించినవాళ్లంతా వచ్చి పేకాటకి కూర్చున్నట్టు కనిపిస్తుంది. పోలీసులు వచ్చేసరికి మతి చెడి, నోట్ల మధ్య కూర్చుని ఉంటారు.

"ఒరేయ్, కాస్త వెనక్కి జరుపు," అంది అత్తయ్య. "ఆ నోట్లు రెండువైపులా అచ్చేసినవా, ఒకవైపేనా?"

జరిపాను. ఆపి, పెద్దది చేసి చూశాం. బొమ్మ చెదిరిపోయింది గానీ తేలలేదు. ఆవిడ మాత్రం రెండువైపులా వేసే ఉంటాడంటుంది. అంత కష్టపడే మనిషి.