సాక్కీ గెలిచింది డచ్ త్రయం చలవతో కాదు

ఇటలీ ఫుట్‌బాల్ క్లబ్ మిలాన్‌కు కోచ్‌గా పనిచేసిన అరిగో సాక్కీ పేరెత్తితే చాలు, "గుల్లిట్, వాన్ బాస్టెన్, రైకార్డ్ అనే ముగ్గురు డచ్ ఆటగాళ్లు ఉంటే ఎవరైనా గెలుస్తారు" అనేస్తారు. ఇది శుద్ధ తప్పు. 1987-88లో మిలాన్ ఇటలీ అగ్రశ్రేణి లీగ్ సీరీ ఆ గెలిచేనాటికి రైకార్డ్ అసలు జట్టులోకే రాలేదు. వాన్ బాస్టెన్ చీలమండ గాయంతో సీజన్‌లో చాలా భాగం బయటే ఉన్నాడు. అయినా 30 లీగ్ మ్యాచుల్లో మిలాన్ మీద పడ్డ గోల్స్ 14. బరేసి, తస్సొత్తి, మాల్దీని ఉన్న ఆ డిఫెన్స్ అంతా ఇటలీ వాళ్లదే.

అసలు కిటుకు ఆటగాళ్ల మధ్య దూరంలో ఉంది. చివరి డిఫెండర్ నుంచి ముందున్న ఫార్వర్డ్ దాకా 25 మీటర్లు, అంతే. అంత దగ్గరగా ఉంటేనే బంతి పోయిన మరుక్షణం ఇద్దరు ముగ్గురు చుట్టుముట్టగలరు. జట్టు 40 మీటర్లకు సాగిందంటే ఫార్వర్డ్ ఒంటరిగా పరిగెత్తి అలిసిపోతాడు, అతని వెనక మిడ్‌ఫీల్డ్ ఖాళీ అవుతుంది. బంతి ఉన్నవాడి మీద ఒత్తిడి లేకుండా డిఫెన్స్ లైన్ పైకొస్తే, తలల మీదుగా ఒక్క పొడుగు పాస్ చాలు, పనైపోతుంది. నలుగురు డిఫెండర్లలో ఒక్కడు రెండడుగులు వెనకబడ్డా, అందరూ ఒకే వరుసలో ముందుకు జరిగి ఎదుటి ఫార్వర్డ్‌ను ఆఫ్‌సైడ్‌లో పడేసే ఆఫ్‌సైడ్ ఉచ్చు తెగినట్టే.

ఇది నేర్పడానికి సాక్కీ పెట్టిన సాధన చూడండి. ఒకవైపు గోల్‌కీపర్, నలుగురు డిఫెండర్లు. ఎదురుగా గుల్లిట్, వాన్ బాస్టెన్‌తో సహా పదిమంది. పావుగంట టైము. బంతి పోగొట్టుకుంటే ఆ పదిమందీ తమ సగంలోకి 10 మీటర్లు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయారని సాక్కీయే చెప్పాడు. ఇంకోటి, బంతి లేకుండానే పదకొండుమందితో ఆట. బంతి ఫలానా చోట ఉందనుకోమంటే, దాన్నిబట్టి అందరూ ఒక్కసారే జరగాలి.

ప్రొఫెషనల్‌గా ఎన్నడూ ఆడని మనిషి, నాన్న బూట్ల వ్యాపారంలో పనిచేసినవాడు ఇదంతా చేశాడు. 1986-87లో ఇటలీ కప్ పోటీ కొప్పా ఇటాలియాలో, అప్పుడు అతను కోచ్‌గా ఉన్న పార్మా జట్టు మిలాన్‌ను రెండుసార్లు ఓడించాకే మిలాన్ అతన్ని పిలిచింది. ఆ తర్వాత 1989, 1990ల్లో మిలాన్‌కు వరుసగా రెండు యూరోపియన్ కప్పులు (యూరప్ క్లబ్బుల అత్యున్నత టోర్నీ).

తర్వాత సాక్కీ కోచ్‌గా వెళ్లిన ఇటలీ జాతీయ జట్టులో ఈ పద్ధతి పూర్తిగా పట్టుబడకపోవడానికీ కారణం ఉంది. క్లబ్‌లో రోజూ చేయించే సాధనను, అప్పుడప్పుడు కలిసే ఆటగాళ్లతో నాలుగు రోజుల్లో ఎలా పూర్తిచేస్తారు? అయినా 1994 ప్రపంచ కప్ ఫైనల్‌కు చేరి, బ్రెజిల్‌తో పెనాల్టీల్లోనే ఓడారు. 1996 యూరోలో మాత్రం తప్పు సాక్కీదే. రష్యాను ఓడించిన జట్టులో ఏకంగా ఐదుగురిని మార్చి చెక్‌ల మీద దించాడు, 2-1తో ఓడాడు. తప్పక గెలవాల్సిన జర్మనీ మ్యాచ్‌లో ఇటలీ ఆటగాడు జోలా కొట్టిన పెనాల్టీని జర్మనీ గోల్‌కీపర్ కోప్కె ఆపేశాడు. 0-0, గ్రూప్‌లోనే ఇంటికి.