స్పార్క్ లేకపోతే కాయిల్ మార్చేయడమేనా?

పాత బుల్లెట్లు ఉన్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇదీ: "బండి స్టార్ట్ కాకపోతే ప్లగ్గు ఊడదీసి హెడ్డుకి ఆనించి కిక్ కొట్టండి. స్పార్క్ కనిపిస్తే ఇగ్నిషన్ బాగున్నట్టే. లేకపోతే కాయిల్ పోయినట్టు, మార్చేయండి. సీబీ పాయింట్లను ఎమరీ పేపర్‌తో రుద్దండి. కండెన్సర్ రేడియోలో గోల రాకుండా పెట్టింది, పీకేసినా ఏం కాదు. ప్లగ్ గ్యాప్ పెంచితే స్పార్క్ పెద్దదవుతుంది." కింద ‘అందరికీ షేర్ చేయండి’ అని ఉంటుంది. మొన్న మా బావమరిది దాన్ని నాకే పంపాడు.

నాది కాస్ట్ ఐరన్ ఇంజను బుల్లెట్, 6 వోల్టులది, బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో నడిచేది. పాయింట్లంటే (మెసేజ్‌లో సీబీ పాయింట్లు) ఇంజను తిరుగుతుంటే కలుస్తూ విడిపోతూ కాయిల్‌లో కరెంటును ఆపే స్విచ్చు. అలా ఆగినప్పుడు కాయిల్ బ్యాటరీ 6 వోల్టులను ప్లగ్గుకి కావలసిన వేల వోల్టులుగా మారుస్తుంది. మెసేజ్ కూడా ఇలాంటి బండ్ల గురించే.

స్పార్క్ కనిపిస్తే అంతా బాగున్నట్టే అనడం సగమే నిజం. బయట గాల్లో అర మిల్లీమీటరు సందు దూకడం నీరసించిన కాయిల్‌కైనా పెద్ద పనేం కాదు. సిలిండర్ లోపల అలా కాదు. పిస్టన్ పైకొచ్చేసరికి గాలి ఆరేడో వంతుకి నొక్కుకుపోయి ఉంటుంది. గాలి ఎంత చిక్కబడితే స్పార్క్ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. బయట చక్కగా కనిపించిన స్పార్క్ లోపల అసలు పడకపోవచ్చు. ఒక పాత ప్లగ్గు తీసుకుని దాని పక్క కొమ్మును రంపంతో కోసేయండి. నడిమి కడ్డీకీ చుట్టూ ఉన్న ఇనుముకీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. దాన్ని ప్లగ్ వైరుకి తగిలించి, హెడ్డుకి ఆనించి కిక్ కొట్టండి. కరెంటు ఆ సందును కూడా దూకి టిక్కుమని శబ్దమొస్తే అప్పుడు నమ్మొచ్చు. ఈ పరీక్ష చేసేటప్పుడు అసలు ప్లగ్గు హెడ్డులోనే బిగించి ఉండాలి. ప్లగ్గు తీసిన రంధ్రంలోంచి కిక్ కొట్టిన ప్రతిసారీ పెట్రోలు ఆవిరి ఎగజిమ్ముతుంది, పక్కనే నిప్పురవ్వ. మెసేజ్ రాసినవాళ్లకి ఆ భయం ఉన్నట్టు లేదు.

ఇక కాయిల్. ఈ వరసలో అన్నిటికంటే తక్కువగా చెడేది అదే, అందరూ ముందు కొనేదీ అదే. నేనూ కొన్నాను. ఒకసారి పాయింట్లు కొత్తవి వేయించుకుని వస్తుంటే మంగళగిరి దాటాక బండి దగ్గి ఆగిపోయింది. స్పార్క్ లేదు. మర్నాడు కొత్త కాయిల్ వేశాను. అయినా లేదు. అప్పుడు చేశాను, మొదటే చేయాల్సిన పని: హెడ్‌లైట్ ఆపి, తాళం ఆన్ చేసి, డీకంప్రెషన్ లివర్ (సిలిండర్‌లో ఒత్తిడిని వదిలేసి కిక్‌ను తేలిక చేసేది) నొక్కి పట్టుకుని కిక్‌ను చేత్తో మెల్లగా కిందికి తోస్తూ అమ్మీటర్ (బ్యాటరీలోకి కరెంటు వస్తోందా, బయటికి పోతోందా చూపే మీటరు) సూదిని చూడటం. పాయింట్లు కలిసినప్పుడు కాయిల్‌లోకి కరెంటు పోతుంది కాబట్టి సూది మైనస్ వైపు వాలాలి. విడిపోయినప్పుడు మధ్యకి రావాలి. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒకసారి విడిపోతాయి, కాబట్టి ఓపిక పట్టాలి. నా బండిలో సూది మైనస్ వైపు వాలింది, ఎంత తిప్పినా తిరిగి రాలేదు. అంటే కరెంటు కాయిల్ దాకా వస్తోంది, కానీ పాయింట్లు విడిపోయినా ఎక్కడో బాడీకి తగులుతోంది. పాయింట్ల మూత తీశాను. కొత్త పాయింట్లు బిగించినప్పుడు వైరు ముక్క, దాన్ని బాడీకి తగలనివ్వకుండా ఉంచే ఫైబర్ వాషర్‌కి అవతలివైపు పడింది. చిటికెన వేలి గోరంత లేదు ఆ వాషర్. సరిచేసి పాత కాయిల్ మళ్లీ పెట్టాను. ఇప్పటికీ అదే నడుస్తోంది. (తాళం ఆన్‌లో వదిలేసి టీకి వెళ్లకండి. పాయింట్లు కలిసి ఉన్నచోట ఇంజను ఆగి ఉంటే కాయిల్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది.)

సూది మధ్యలోంచి అసలు కదలకపోతే కథ వేరే. కాయిల్‌లో కరెంటే పారడం లేదు. ముందు చూడాల్సినవి: బ్యాటరీ, ఫ్యూజు, తాళం, వైరు, లేదా మురికి పట్టిన పాయింట్లు.

కండెన్సర్ మాట మాత్రం ప్రమాదకరం. రేడియో గోల తగ్గించే కండెన్సర్ కార్లలో విడిగా ఉండేది నిజమే, గందరగోళం అక్కడే మొదలై ఉంటుంది. పాయింట్ల పక్కన ఉండేది అది కాదు. ఇండక్షన్ కాయిల్‌కి (మన బండి కాయిల్ కూడా ఆ రకమే) కండెన్సర్ జోడించిన ఫ్రెంచి శాస్త్రవేత్త ఫిజో ఆ పని 1853లో చేశాడు. రేడియోకి పేరు తెచ్చిన మార్కోనీ పుట్టిందే 1874లో! పొలంలో పైపులో నీళ్లు జోరుగా పోతుండగా వాల్వు టక్కున కట్టేస్తే పైపు అదురుతుంది, మెల్లగా కడితే అదరదు. కాయిల్ సంగతీ అంతే. పాయింట్లు విడిపోగానే కరెంటు టక్కున ఆగితేనే వేల వోల్టులు పుడతాయి. కండెన్సర్ లేకపోతే కరెంటు ఆగకుండా పాయింట్ల సందులోంచి మంటలా దూకుతుంది. పాయింట్లు కాలి గుంటలు పడతాయి, ప్లగ్గు దగ్గర మిగిలేది బలహీనమైన మెరుపు. కండెన్సర్ సామర్థ్యం దాదాపు 0.2 మైక్రోఫారడ్, ఖరీదు కాయిల్ ఖరీదులో చిన్న వంతు. చీకట్లో మూత తీసి ఇంజను నడిపిస్తే పాయింట్ల దగ్గర ఎక్కువ మెరుపులు కనిపించాయా, కండెన్సర్‌ని అనుమానించండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయి, వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ లేచే బండికి కూడా ముందు అదే మార్చి చూడండి. ఆ లక్షణం కాయిల్‌కీ ఉంటుంది, కానీ తక్కువ ఖరీదుది ముందు.

ఎమరీ పేపర్ వద్దు. దాని గరుకు పొడి పాయింట్ల మొహంలో ఇరుక్కుంటుంది, అది కరెంటును పోనివ్వదు. సన్న పాయింట్ల ఆకురాయితో ఒకటి రెండుసార్లు గీసి, పెట్రోలులో తడిపిన తెల్ల కాగితాన్ని మధ్యలోంచి లాగండి, కాగితం తెల్లగా వచ్చేదాకా. కొత్త పాయింట్లకి కూడా ఇది చేయాలి, తుప్పు పట్టకుండా పూసిన నూనె వాటి మీద ఉంటుంది. తర్వాత సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు పెట్టి, టైమింగ్ (స్పార్క్ ఏ క్షణాన పడుతుందో అది) చూసుకోవాలి. సందు మారితే టైమింగూ మారుతుంది.

ప్లగ్ గ్యాప్ పెంచడం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. సందు పెరిగితే కావలసిన వోల్టేజీ పెరుగుతుంది, 6 వోల్టుల కాయిల్ దగ్గర అంత మిగులు ఉండదు. అర మిల్లీమీటరు చాలు.

బావమరిది బండి ఆదివారం మా ఇంటికి ట్రాలీలో వచ్చింది. "బావా, కాయిల్ పోయినట్టుంది" అన్నాడు. కిక్‌ను మెల్లగా తోయమన్నాను. సూది మధ్యలోంచి కదలలేదు. సీటు కింద బ్యాటరీ టెర్మినల్ మీద ఆకుపచ్చటి తుప్పు పేరుకుని ఉంది. వేడినీళ్లు పోసి, గీకి బిగించాక మూడో కిక్‌కి అందుకుంది. కొత్త కాయిల్ వాడి సంచిలో ప్యాకింగ్ విప్పకుండానే ఉంది. మర్నాడు షాపులో తిరిగిచ్చేశాడు.