డోర్ నంబర్ ఇండెక్సు గారికి మనవి

మహారాజశ్రీ డోర్ నంబర్ ఇండెక్సు గారి సముఖానికి,

మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో డోర్ నంబర్‌ని బట్టి ఇంటి వివరాలు ఎక్కడున్నాయో చూపే వరుస జాబితా తమరు. శనివారం మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. నల్లకుంటలో నిక్షేపంలా ఉన్న ఇంటిని లేదన్నారు తమరు. మిమ్మల్ని పక్కనపెట్టి టేబుల్ మొత్తం వెతికిస్తే దొరికింది. "మరి నేను ఎవరింట్లో ఉంటున్నట్టు బాబూ?" అని ఆ కస్టమర్ ఫోన్‌లో అడిగాడు. ఏం చెప్పమంటారు?

సరే, తమరి కడుపులో ఏముందో చూద్దామనుకున్నాం. ఏ దారిన వెతుకుతున్నదీ చెప్పే ఎక్స్‌ప్లెయిన్‌ని అడిగితే మిమ్మల్నే వాడానని గర్వంగా చెప్పి ఊరుకుంది. ఇండెక్సు లెక్కలు చెప్పే పీజీస్టాట్‌ఇండెక్స్ ఏమో, ఎంట్రీలుండే లీఫ్ పేజీలు దాదాపు 90 శాతం నిండి ఉన్నాయి, భేష్ అంది. బరువు చూసి మనిషి నిజాయితీ చెప్పే డాక్టరన్నమాట.

ఇక పేజీలను విప్పి లోపలి బైట్లు చూపించే పేజ్‌ఇన్‌స్పెక్ట్. దానికి సూపర్‌యూజర్, అంటే సర్వాధికారాలున్న లాగిన్ కావాలట. డేటాబేస్ చూసుకునే డీబీఏ గారి భోజనం అయ్యేదాకా ఆగాం. సున్నా పేజీ అడిగితే అది ఇండెక్సు సొంత వివరాలుండే మెటా పేజీ, కుదరదు పొమ్మంది. ఒకటో పేజీలో మొదటి ఐటమ్ అసలు రికార్డే కాదు, ఆ పేజీకి పై హద్దు చెప్పే హై కీ. ఆ తర్వాత హెక్సా అంకెల్లో బైట్లు ఇవి: 09 31 2డి 31 00 00 00 00. "1-1" అనే ముక్కకి ఇంత వేషమా? 09లో పొడవు దాక్కుంది, 31 అంటే ఒకటి, 2డి అంటే హైఫన్. హైదరాబాద్‌లో హైఫన్ లేని డోర్ నంబర్ ఎక్కడుంది స్వామీ? ఎనిమిది కేబీల పేజీ నిండా 2డిలే. కళ్లు కాయలు కాశాయి.

చివరికి దొరికిందేమిటి? "11" తర్వాత "1-1". అక్షరాల వరుస నిర్ణయించే లినక్స్ లైబ్రరీ జీలిబ్‌సీ, పాతదైతే అలాగే పేర్చేది. 2018లో వచ్చిన 2.28 వెర్షన్ నుంచి "1-1" ముందుకొచ్చింది. పోయిన వారం మా సర్వర్‌కి ఓఎస్ మార్చారు, దాంతో కొత్త జీలిబ్‌సీ వచ్చింది. నువ్వు మాత్రం పాత వరుసలోనే బైఠాయించావు. కొత్త వరుస ప్రకారం వెతికితే దారి తప్పించి, లేదని బల్ల గుద్ది చెప్పావు. అదీ మిల్లీసెకన్లలో! ఒక్క ఎర్రర్ ఇస్తే నీ సొమ్మేం పోయేదిరా? తెలియదని చెప్పు, పడుంటాం. ఉన్నదాన్ని లేదంటావా?

ఇంతా చేస్తే, ఇండెక్సు సరిగ్గా ఉందో లేదో చూసే ఆమ్‌చెక్ ఒక్క లైన్లో వరుస తప్పిందని తేల్చేసింది. ఆ పేరు డీబీఏ గారికి సాయంత్రం టీ దగ్గర గుర్తొచ్చింది.

రీఇండెక్స్ చేసి నిన్ను మొదటి నుంచి కట్టాక ఆ నల్లకుంట ఇల్లు రెప్పపాటులో చూపిస్తున్నావు. పనిమంతుడివే, కాదనను. వచ్చే నెల రెండో సర్వర్‌కీ ఓఎస్ మారుస్తారట. ఈసారి నిన్ను అడిగేది లేదు, ఓఎస్ మారగానే తిరగరాసేస్తాం.

ఇట్లు,
ఆదివారం కూడా ఆఫీసులోనే ఉన్న ఒక అభాగ్యుడు