లెక్క చెప్పని వరం

అమెరికాలోని ఒహాయో రాష్ట్ర గవర్నర్ పదవికి పోటీపడుతున్న వివేక్ రామస్వామి రాష్ట్ర ఆదాయపు పన్నును సున్నా చేస్తానంటున్నారు. ఇళ్ల మీద పన్నూ బాగా తగ్గిస్తారట. టీచర్లకు ప్రతిభను బట్టి జీతాలట, వ్యాపారులకు నిబంధనల బెడద ఉండదట. 2025 ఫిబ్రవరిలో బరిలోకి దిగింది మొదలు వినిపిస్తున్న పాట ఇదే. ట్రంప్ ఆశీస్సులున్నాయి, రాష్ట్ర రిపబ్లికన్ పార్టీ అండ ఉంది. పోయే రాబడిని దేనితో పూడుస్తారన్న ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. వృథా తగ్గిస్తాం, ఆర్థికం పరుగులు తీస్తుంది అనడం జవాబు కిందకు రాదు.

ఆదాయపు పన్ను వల్ల ఒహాయో ఖజానాకు ఏటా వచ్చేది వెయ్యి కోట్ల డాలర్లకు కాస్త అటూఇటూ. అప్పు తెచ్చి సర్దుకుందామంటే కుదరదు. రాబడి తగ్గితే పూడ్చుకోవడానికి ఏడున్నర లక్షల డాలర్లకు మించి అప్పు చేయకూడదని 1851 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగం గీత గీసింది. హైదరాబాద్‌లోనో అమరావతిలోనో అయితే మంగళవారం రిజర్వ్ బ్యాంకు జరిపే రాష్ట్ర బాండ్ల వేలానికి వెళ్లి గండం గట్టెక్కుతారు. ఒహాయో రాజధాని కొలంబస్‌లో ఆ దారి మూసి ఉంది. కాబట్టి బడి నిధులైనా కోయాలి, పేదల వైద్యానికి పెట్టే మెడికెయిడ్ అయినా కోయాలి, లేదా ఇప్పుడు 5.75 శాతమున్న అమ్మకపు పన్నునైనా పెంచాలి. ఈ మూడింటిలో ఏది? అభ్యర్థి నోరు విప్పాల్సింది ఇక్కడే.

ఇళ్ల మీద పన్ను సంగతి ఇంకా చిక్కు. ఒహాయో బడులు చాలావరకు నడిచేది ఆ డబ్బుతోనే. స్థానిక ఆస్తి పన్ను మీద బడులు ఇంతగా ఆధారపడటం రాజ్యాంగ విరుద్ధమని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1997లోనే తేల్చింది. రాష్ట్రం తన వాటా పెంచాలన్నది ఆ తీర్పు సారం. ఇప్పుడు ఒకే నోటితో రాష్ట్ర పన్ను తీసేస్తాం, స్థానిక పన్ను తగ్గిస్తాం అంటున్నారు. మరి బడికి డబ్బు ఎవరిస్తారు? ప్రతిభకు తగ్గ జీతాలు ఏ పద్దులోంచి తీస్తారు?

పన్ను తక్కువగా ఉంటే జనం, కంపెనీలు తరలివస్తారన్న వాదన ఉంది. జనాభాను బట్టి 1960లలో 24 మంది ప్రతినిధులను వాషింగ్టన్‌కు పంపిన రాష్ట్రం నేడు 15 మందితో సరిపెట్టుకుంటోంది. ఆ దిగులు నిజమే. కానీ ఈ మందు కొత్తదేమీ కాదు. 2005లో 7.5 శాతమున్న గరిష్ఠ రేటును ఇరవై ఏళ్లుగా కోస్తూ కోస్తూ 2.75కి తెచ్చారు. కోత పెరిగిన కొద్దీ జనం వెల్లువెత్తి ఉంటే ఈ ఎన్నికల్లో ఆ దిగులే ఉండేది కాదు.

కాన్సస్ ఏమైందో అమెరికాలో అందరికీ తెలుసు, రామస్వామికీ తెలుసు. 2012లో గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ ఆదాయపు పన్ను రేట్లు తెగ్గోసి, చిన్న వ్యాపారాల లాభాలపై పన్ను పూర్తిగా ఎత్తేశారు. ఆర్థిక వ్యవస్థ గుండెకు అడ్రినలిన్ సూది వేస్తున్నామన్నారు. రెండేళ్లకే రాష్ట్ర పరపతి రేటింగు పడిపోయింది. రోడ్లకు దాచిన డబ్బు మామూలు ఖర్చులకు మళ్లింది. 2015లో రెండు విద్యా జిల్లాలు డబ్బుల్లేక బడులను ముందే మూసేశాయి. అదే ఏడాది అమ్మకపు పన్ను 6.5 శాతానికి ఎక్కింది, అదీ తిండి సరుకులతో సహా. లాభాల మీద పన్ను పోయింది, రొట్టె మీద పన్ను పెరిగింది. చివరికి 2017 జూన్‌లో బ్రౌన్‌బ్యాక్ సొంత రిపబ్లికన్లు మెజారిటీగా ఉన్న చట్టసభే ఆయన వీటోను తోసిపుచ్చి పన్నులు తిరిగి వేసింది. ఆయనైనా లెక్క తప్పారు. ఇక్కడ లెక్కే లేదు.

ఖర్చు కోయడంలో దిట్టనన్న పేరూ రామస్వామి చెప్పుకోలేరు. మస్క్‌తో కలిసి, ఫెడరల్ ప్రభుత్వ ఖర్చులు కోయడానికి పెట్టిన ‘డోజ్’ సారథిగా ఆయన పేరు ప్రకటించారు. ట్రంప్ ప్రమాణం చేసిన రోజే ఆయన బయటికొచ్చేశారు.

మా భయం ఒక్క ఒహాయో గురించే అయితే ఇంత రాసేవాళ్లం కాదు. లెక్క చెప్పకుండా ఇంత పెద్ద పన్ను ఎత్తేస్తానని గెలవొచ్చని ఒకరు రుజువు చేస్తే, ఆ దారి పట్టడానికి తక్కిన రాష్ట్రాల్లో అభ్యర్థులకు కొదవ ఉండదు. ఈ జబ్బు మనకు తెలియంది కాదు. హామీలకు సొమ్ము ఎక్కడిదో మేనిఫెస్టోలో స్థూలంగానైనా చెప్పాలని, 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మన ఎన్నికల సంఘం నియమం పెట్టింది. ఆరు గ్యారంటీలకైనా, సూపర్ సిక్స్‌కైనా ఆ లెక్క ఓటరు చేతికి ఇచ్చిందెవరు? ఒకరు ఎగ్గొట్టి గెలిచారు, ఇంకొకరు చూసి నేర్చుకున్నారు. అక్కడా అదే మొదలవుతోంది.

అయినా మన పత్రికల్లో ఆయన గురించి వచ్చేదేమిటి? భారతీయ మూలాలు, పాలక్కాడ్ పూర్వీకులు, హెచ్-1బి మీద ఆయన మాటలు. ఒహాయోలోని డబ్లిన్‌లో, మేసన్‌లో మంచి బడులున్నాయనే మనవాళ్లు అక్కడ ఇళ్లు కొనుక్కున్నారు. ఆ బడులకు డబ్బు ఎలా వస్తుందో తెలిసి కూడా ఆ ప్రశ్న అడగరు. 2026 నవంబరు 3న పోలింగు. ‘మనోడు’ అని శాలువా కప్పి ఫొటోకు నిలబడాలని ఉత్సాహపడే సంఘాల పెద్దలారా, ఆ వెయ్యి కోట్ల డాలర్లు ఎక్కడినుంచి తెస్తారో ముందు అడగండి. అడిగే ధైర్యం లేకపోతే, మీ పిల్లల బడికి అదనపు పన్ను కట్టాలంటూ వచ్చే ఏడు ఓటర్ల సమ్మతి కోరుతూ బ్యాలెట్ మీద ప్రశ్న వచ్చినప్పుడు గగ్గోలు పెట్టకండి.