సంతృప్తి సర్వే ఫారమ్ గారికి

మహారాజశ్రీ విద్యార్థి సంతృప్తి ఫారమ్ గారి సముఖమునకు, కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్ నుంచి ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరం కుర్రాడు వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి.

సాయంత్రం మార్కులు చూసుకుందామని పోర్టల్ తెరిస్తే తమరు అడ్డంగా నిలబడ్డారు. తమరిని నింపితే గానీ మార్కులు కనపడవట. సంతోషం. హాస్టల్ గదులా? అయిదుకు మూడు. చలికాలం హీటింగా? అయిదు, అబద్ధమెందుకు. మెస్సా? ఆంధ్రా భోజనమని ఊరించింది అమీర్‌పేట కన్సల్టెన్సీ వాళ్లు, తమరు కాదు. అయినా ఒకటి. సున్నా పెట్టలేదు కదా.

ఏడో ప్రశ్న: ‘ఇంగ్లిష్ మాధ్యమంలో బోధన పట్ల మీ సంతృప్తి?’

చిత్తం. స్లైడ్లు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. మేడమ్ వాటిని పైనుంచి కిందికి చదువుతారు, అదీ ఇంగ్లిషే. గొడవంతా వార్డులో. ఇవాళ పొద్దున ఒక పెద్దావిడ దగ్గర నిలబెట్టారు. ‘గ్దే బలీత్?’ అని అడిగాను. ఎక్కడ నొప్పి అని అడగడం వచ్చు మాకు, రష్యన్ క్లాసులకు ఊరికే పోలేదు. ఆవిడ పాపం నా చెయ్యి పట్టుకుని కిర్గిజ్‌లో మొదలుపెట్టింది. కాసేపు ఛాతీ చూపించింది, కాసేపు కిటికీ చూపించింది. తలూపాను. డాక్టరుగారు ఏదో అన్నారు, ఆవిడ నవ్వింది, మేమూ నవ్వాం. బయటికొచ్చాక గ్రూపులో రష్యన్ కాస్త వచ్చిన విజయవాడ అమ్మాయి కేస్ హిస్టరీ రాసింది, మిగతా అందరం దించేశాం. మా రికార్డులు చూస్తే ఈ ఊళ్లో రోగులందరికీ ఒకే వయసు, ఒకే బీపీ. ఆ కిటికీ సంగతి మాత్రం ఏ రికార్డులోనూ లేదు.

ఒకటి నొక్కబోయాను. వేలు ఆగిపోయింది. 2021 నవంబరులో మన నేషనల్ మెడికల్ కమిషన్ పెట్టిన నిబంధనలు గుర్తొచ్చాయి: విదేశంలో చదువు 54 నెలలకు తగ్గకూడదు, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, బోధన ఇంగ్లిష్‌లోనే సాగాలి. అంటే ఏడో ప్రశ్నకు నిజం చెబితే ఊడేది తమరి పరువు కాదు, నా పట్టా! దాంతోపాటు బ్యాంకులో ఉన్న మా నాన్న పొలం కాగితాలు. అసంతృప్తి పడితే నాకే నష్టమొచ్చేలా బిగించిన ఏర్పాటిది. ఇక సంతృప్తి పడక ఏం చేస్తాను?

అసలు నువ్వు అడగాల్సినవి ఒక్కటైనా అడిగావా? ఈ నెలలో ఎంతమంది రోగుల బాధ నీకు అర్థమైందిరా అని అడిగావా? రేపు ఇండియాలో డాక్టరీ చెయ్యాలంటే, విదేశంలో చదివినవాళ్లకు పెట్టే ఎఫ్‌ఎంజీఈ పరీక్ష రాయాలి. 300 ప్రశ్నలకు 150 రావాలి. చాలాసార్లు నలుగురైదుగురిలో ఒక్కడే గట్టెక్కుతున్నాడు. నేను పోతే ‘వెధవ అక్కడ చదవలేదు’ అంటారు మావాళ్లు. నువ్వు మాత్రం ఈ అయిదులన్నీ మూటగట్టి కాలేజీకి ఇస్తావు, వాళ్లు రంగుల బ్రోషర్ వేస్తారు, అది చూపించి కన్సల్టెన్సీ వాడు మా ఊళ్లో ఇంకో పొలం తాకట్టు పెట్టిస్తాడు.

అయిదు. తీసుకుని చావు.

‘సూచనలు’ గడి ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వలేదు కాబట్టి ‘వెరీ గుడ్’ అని రాశాను.

ఇట్లు,
వివరాలు గోప్యంగా ఉంచుతామన్న తమరి హామీని నమ్మి, తమరు అడిగిన ఐడీ నంబరుతోనే లాగిన్ అయిన,
సంపూర్ణ సంతృప్త విద్యార్థి